జడ్జిగారి పుస్తకాలు

మిసిసిపీ నది రెండోసారి కట్ట తెంచుకున్న ఏడాది అది. అంతకుముందు హార్లన్ బెండ్‌లో పెళ్లయినా చావయినా అరవై అయిదు వరదకు ముందా వెనకా అని లెక్క చెప్పేవాళ్లు. తొంభై మూడు జూలైలో నది వచ్చి కోర్టు మెట్లలో నాలుగోదాని మీద బురద గీత గీసి పోయింది. అప్పటినుంచి అందరూ నాలుగో మెట్టు వరద అంటున్నారు.

డెల్బర్ట్ హాస్‌కాంప్‌కు అప్పుడు డెబ్బై ఒకటి. గుట్ట మీద అతని మాంసం గిడ్డంగి ఉంది. చుట్టుపక్కల రైతులు ఎద్దునో పందినో తోలుకొస్తే కోసి, ముక్కలు చేసి, తెల్ల కాగితంలో చుట్టి, ఎవరిది వాళ్ల సొరుగులో గడ్డకట్టించి ఉంచుతాడు. ఫ్రీజరు గది గోడల నిండా సొరుగులే. ప్రతి సొరుగుకూ ఒక నంబరు, ఒక ఇల్లు. ఏ ఇంట్లో ఏం తింటారో అతనికి తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. తెలిసినా చెప్పడు. అతను మూడో తరగతిలో బడి మానేశాడు. మాట్లాడటం అప్పుడే మానేశాడని ఊళ్లో వేళాకోళం.

వరద తీసిన రోజు లైబ్రరీ పిల్ల నడీన్ మోకాళ్లదాకా బురదతో గుట్టెక్కి వచ్చింది. ఆమె ఆ ఊరికి వచ్చి మూడేళ్లే. తడిసిన పుస్తకాలను రెండు రోజుల్లో గడ్డకట్టిస్తే బతుకుతాయని, లేకపోతే బూజు పట్టి పోతాయని రాజధాని నుంచి ఫోనులో చెప్పారట. తర్వాత తీరిగ్గా ఆరబెట్టుకోవచ్చట. మీ ఫ్రీజరులో కాస్త చోటిస్తారా అని అడిగింది.

"తీసుకురండి," అన్నాడు డెల్బర్ట్.

గది మధ్యలో ఉన్న మాంసం బల్లలు బయటికి లాగితే పాల సీసాలు మోసే డబ్బాలు నలభై పట్టే చోటు తేలింది. డబ్బాకు ఇరవై పుస్తకాలు. లైబ్రరీలో తడిసినవి నాలుగు వేలు. అంటే అయిదింటిలో ఒకటి బతుకుతుంది. ఏది బతకాలో ఎవరో ఒకరు చెప్పాలి.

చెప్పడానికి కాన్‌స్టన్స్ థేయర్ వచ్చింది. లైబ్రరీ పెత్తనం ఆమెదే. ముప్పై ఏళ్లు హైస్కూల్లో ఇంగ్లిషు సాహిత్యం చెప్పింది, కాబట్టి ఊరందరికీ టీచరమ్మే. ఆమె మామగారు జడ్జి. మంగళవారం సభ అని ఊళ్లో ఆడవాళ్లు పన్నెండు మంది కూర్చుని గొప్ప నవలల గురించి మాట్లాడుకుంటారు. కుర్చీలు పన్నెండే. ఒకరు పోతేగాని ఇంకొకరు రాకూడదు. ఎవరు రావాలో కూడా ఆమే చెబుతుంది.

లైబ్రరీ ముందు గడ్డిలో పుస్తకాలు గుట్టలు పోశారు. ఎండ మండుతోంది. ఆ కంపు డెల్బర్ట్ ఎరగనిది కాదు గాని అంత ఎరగడు. పందులదొడ్డి పెంట, డీజిలు, చచ్చిన చేప, వాటన్నిటి కింద తడి కాగితం పులిసిన వాసన. పక్కకు తిరిగి ఉమ్మాడు.

టీచరమ్మ రబ్బరు బూట్లు వేసుకుని, చేతిలో జాబితా పట్టుకుని నిలబడింది. మొదట జడ్జిగారి సెట్టు అంది. గాజు బీరువాలో ఉండే పద్దెనిమిది సంపుటాలవి. తోలు అట్టలు, బంగారు అక్షరాలు. జడ్జిగారు పోయినప్పుడు లైబ్రరీకి ఇచ్చారు. బీరువా తాళంచెవి టీచరమ్మ దగ్గరే ఉంటుంది. వాటిని ఇంటికివ్వరు. తర్వాత ఊరి చరిత్ర, తర్వాత పిల్లల పుస్తకాలు అని ఆమె చెబుతూ పోయింది. డెల్బర్ట్ డబ్బాల్లో సర్దుతూ పోయాడు.

కుదించిన నవలల వంతు వచ్చింది. అరవై సంపుటాలు. ఒక్కోదానిలో నాలుగు నవలలు, ఒక్కొక్కటి మూడో వంతుకు తగ్గించినవి. గోధుమరంగు అట్టలు చేతుల జిడ్డుకు నల్లబడి, వీపులు ఊడి, టేపులు అంటించి ఉన్నాయి.

"అవి వద్దు," అంది టీచరమ్మ.

అందరూ ఎక్కువ తీసుకెళ్లేవి ఇవేనండీ అని నడీన్ మెల్లగా అంది.

"సినిమా హాల్లో జనం ఎక్కువ తినేవి పేలాలే. అంతమాత్రాన పేలాలు తెచ్చి ఫ్రీజరులో పెట్టుకుంటామా అమ్మాయ్?" పక్కనున్న వాళ్లు నవ్వారు. టీచరమ్మ నవ్వలేదు. "అసలు చదవనివాడు నయం. చదవలేదని వాడికి తెలుసు. ఇవి చదివినవాడికి అదీ తెలియదు. పారేయించు."

డెల్బర్ట్ చేతిలో డబ్బా ఉంది. ఆ గుట్టలో పై నుంచి మూడోది అతనికి తెలుసు. దాని వీపు మీద మాంసం పొట్లాలకు అంటించే టేపు ముక్క ఉంది. అంటించింది అతని భార్య ఆర్డిస్.

చెయ్యి చాపితే అందేంత దూరం. ఇదొక్కటి నాకు కావాలి అంటే చాలు. ఎందుకని అడుగుతారు. చదవడానికి అనాలి. పన్నెండు కుర్చీలవాళ్లలో ఏడుగురు ఆ గడ్డిలోనే ఉన్నారు.

డబ్బా ఎత్తుకుని ట్రక్కు దగ్గరికి నడిచాడు. వెనక నుంచి అవి చెత్తగుట్ట మీద పడుతున్న చప్పుడు వినిపించింది. తడి పుస్తకం పడితే పేగులు బకెట్లో పడినట్టే ఉంటుంది.

ఆర్డిస్ చదివేది, అతను వినేవాడు. ముప్పై ఏళ్లు అదే వాళ్ల కాపురం. మధ్యాహ్నం కోత అయ్యాక అతను వెనకగదిలో పొట్లాలు చుడుతుంటే, ఆమె స్టూలు మీద కూర్చుని ఆ గోధుమరంగు పుస్తకాలు పైకి చదివేది. చుట్టడం, చదవడం ఒకేసారి అయిపోయేవి. అందుకు అవి సరిపోయేవి. అసలు పుస్తకాలయితే ఒక ఎద్దు మాంసం చుట్టేలోపు అయిపోయేవి కావు అని ఆర్డిస్ అనేది.

ఇరవై ఏళ్ల కిందట ఆమె మంగళవారం సభలో ఒక కుర్చీ ఖాళీ అయిందని విని, ఆదివారం వేసుకునే గౌను వేసుకుని, ఆపిల్ కేకు చేసుకుని వెళ్లింది. ఈమధ్య ఏం చదివావు అని వాళ్లు అడిగారు. "చివరి రేవు" అని చెప్పింది. అది పాత ఇంగ్లిషు నవల. జడ్జిగారి సెట్టులో మూడు సంపుటాలు. మూడూ చదివావా అన్నారు. లేదండీ, కుదించింది అని ఆమె నిజం చెప్పింది. వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కేకు చాలా బాగుందన్నారు. కబురు పంపిస్తామన్నారు. పంపలేదు.

ఆ రోజు ఇంటికొచ్చి ఆర్డిస్ గౌను మార్చుకోకుండానే స్టూలు మీద కూర్చుంది.

"ఆ పన్నెండు మందిలో ఒక్కతి అయినా నీ దగ్గర ఎప్పుడైనా ఎద్దును మొత్తంగా కొనుక్కుపోయిందా?" అంది.

లేదన్నాడు.

"కొమ్ములూ గిట్టలూ తీసేసిందే కదా తినేది?"

అవునన్నాడు. ఆమె నవ్వింది. నవ్వి లేచి ఫ్రీజరు గదిలోకి వెళ్లి చాలాసేపు బయటికి రాలేదు. వచ్చాక కళ్లు ఎర్రగా ఉంటే చలికి అంది. అతను ఏమీ అడగలేదు. అడగకపోవడం అతనికి అలవాటు.

రెండేళ్ల కిందట మార్చి నెలలో ఆమెకు "చివరి రేవు" మీద మళ్లీ మనసయింది. కేకు తీసుకెళ్లిన రోజు నుంచి సగంలోనే ఉండిపోయింది, ఈసారి పూర్తి చేద్దాం అంది. గుడ్డి పడవవాడు చలికాలంలో కనిపించకుండా పోతాడు. ఏట్లో పడ్డాడని అందరూ అంటారు. కూతురు లెటీ పడవ తానే నడుపుతుంది. ఒకనాడు పొగమంచులో అవతలి ఒడ్డు నుంచి గంట మూడుసార్లు మోగుతుంది. పడవ రమ్మని. మంచులో ఎవరో కనిపించదు. లెటీ తాడు విప్పుతుంది. ఆర్డిస్ అక్కడ పుస్తకం మూసి, మిగతాది రేపు అంది. మర్నాడు పొద్దున ఆమెకు ఒక పక్క పడిపోయింది. తొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉంది. తర్వాత లేదు.

పుస్తకం గడువు దాటుతుంటే డెల్బర్టే తీసుకెళ్లి ఇచ్చేశాడు. మళ్లీ తెచ్చుకోలేదు. తెచ్చుకోవాలంటే బల్ల దగ్గర నిలబడి కార్డు మీద పేరు రాయాలి. అతను వేలు పెట్టి కూడబలుక్కుని మాత్రమే చదవగలడు. ఆ సంగతి ఆర్డిస్‌కు తప్ప ఎవరికీ తెలియదు. ఆ గంట మాత్రం మోగుతూనే ఉంది. ఎవరు మోగించారో తెలియకుండా రెండేళ్లు పొట్లాలు చుట్టాడు.

పారేసిన గుట్టను ఎత్తుకుపోవడానికి జిల్లా బండి పది రోజులైనా రాలేదు. పదకొండో రోజు మధ్యాహ్నం డెల్బర్ట్ లైబ్రరీ వెనక్కి వెళ్లాడు. ఖాళీ డబ్బాలు కావాలని సాకు పెట్టుకున్నాడు. అడిగేవాళ్లెవరూ లేరు.

పందిని చీల్చడానికి వెనకాడని మనిషి అక్కడ ముక్కుకు గుడ్డ కట్టుకోవలసి వచ్చింది. పై వరస ఎండి బురద పెంకు కట్టింది. పెంకు పగలగొడితే కింద పచ్చగా, నల్లగా బూజు. ఇంకా కింద వేడిగా ఉంది. పుస్తకాలు కుళ్లుతుంటే వేడెక్కుతాయని అతనికి అంతవరకూ తెలియదు. తెల్లటి పురుగులు జిగురు తింటున్నాయి. చెయ్యి మోచేతిదాకా పోనిచ్చాడు. ఒక్కొక్కటీ లాగాడు. పనికిరాని కాలేయంలా జారిపోయాయి.

టేపు ముక్క దొరికింది. దానికింద పుస్తకం లేదు. ఉన్నది ఒక ముద్ద. పుటలన్నీ కలిసిపోయి, వేలు పెడితే వేలు దిగిపోయింది. మొదలూ తుదీ లేదు. గంట మోగిన చోటు ఆ ముద్దలో ఎక్కడో ఉంది.

పది రోజుల కిందట చెయ్యి చాపి ఉంటే ఇది ఫ్రీజరులో ఉండేది. ఆర్డిస్ నిజం చెప్పి దెబ్బ తింది. తాను నోరు మూసుకుని ఏం తిన్నాడు?

వెనక అట్ట మాత్రం గట్టిగా ఉంది. అట్టకు కాగితం జేబు, జేబులో అట్ట కార్డు. తీసుకెళ్లినవాళ్లు పేరు రాసే కార్డు అది. పాత లైబ్రరీయమ్మ పెన్సిలుతోనే రాయనిచ్చేది. సిరా అయితే కరిగిపోయేది. పెన్సిలు కరగలేదు. లాగుకు రాసి తుడిచి, వెలుగులో పట్టుకున్నాడు.

చివరి వరసలో ఆర్డిస్ హాస్‌కాంప్. ఇరవై ఏళ్ల కిందటి వరసలో కూడా ఆర్డిస్ హాస్‌కాంప్. ఆ రెంటి మధ్యా, మొదటిదానికి పైనా, వేరేవాళ్ల పేర్ల నడుమ మళ్లీ మళ్లీ ఒకే పేరు. నిలువుగా, కుదురుగా, ఊళ్లో ప్రతి ఇంటికీ ప్రోగ్రెస్ కార్డుల మీద వచ్చిన చేతిరాత. కాన్‌స్టన్స్ థేయర్. ఏప్రిల్. కాన్‌స్టన్స్ థేయర్. ఏప్రిల్. వేలు పెట్టి లెక్కపెట్టాడు. పదకొండుసార్లు. ఏప్రిల్లోనే హైస్కూలు పెద్ద తరగతికి టీచరమ్మ "చివరి రేవు" చెప్పేది.

చెత్తగుట్ట పక్కన నిలబడి ఆ కార్డును మళ్లీ చదివాడు. ఆలస్యంగా ఇంకో సంగతి తట్టింది. ఆర్డిస్ కేకు పట్టుకుని వెళ్లేనాటికి ఆ కార్డు మీద టీచరమ్మ పేరు అప్పటికే ఆరుసార్లు ఉంది. తన పేరు రాయడానికి ఆర్డిస్ పెన్సిలు పెట్టింది సరిగ్గా దాని కిందే. అంటే ఆమెకు తెలుసు. వాళ్లు మొహాలు చూసుకుంటున్నప్పుడు తెలుసు. ఇంటికొచ్చి స్టూలు మీద కూర్చున్నప్పుడు తెలుసు. అతనికి కూడా చెప్పలేదు.

కార్డు చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ఇంటికెళ్లి చేతులు నాలుగుసార్లు కడిగాడు. కంపు పోలేదు.

ఆగస్టు చివర పుస్తకాలు ఆరబెట్టడం మొదలుపెట్టారు. డబ్బా డబ్బా బయటికి తీసి, మంచు కరిగాక, నాలుగైదు పుటలకొకటి చొప్పున తెల్ల కాగితం పెట్టి, ఫ్యాను కింద నిలబెట్టాలి. మాంసం చుట్టే కాగితమే ఆ పనికి మంచిదని తేలింది. నడీన్ పిల్లల పుస్తకాలు తీసుకుంది. జడ్జిగారి సెట్టు జాగ్రత్త అని టీచరమ్మ కబురు చేసింది. అది డెల్బర్ట్ వంతుకు వచ్చింది.

"చివరి రేవు" మొదటి సంపుటం తెరిచాడు. మొదటి ముప్పై పుటలు బాగానే విడిపోయాయి. తర్వాతవి రాలేదు. తడికి అంటుకున్నాయనుకున్నాడు. గోరు పెట్టి చూస్తే లోపల పుటలు విడిగానే ఉన్నాయి. పైఅంచు మాత్రం కలిసి ఉంది. అంటుకోలేదు. మడత. కాగితం మడిచి కుట్టి, మడత కోయకుండా వదిలేశారు. పాతకాలం ఖరీదైన పుస్తకాలు అలాగే వచ్చేవట, చదివేవాడు కత్తితో కోసుకుంటూ పోవాలట. ఆ సంగతి నడీన్ చెప్పింది. చెప్పి, రెండో సంపుటం చూసింది, మూడోది చూసింది. మిగిలిన పదిహేనూ వరసగా చూసింది. ఒక్కదాన్ని కూడా నలభయ్యో పుట దాటి ఎవరూ కోయలేదు.

జడ్జిగారింట్లో, తర్వాత లైబ్రరీలో, మొత్తం డెబ్బై ఏళ్లు గాజు బీరువాలో ఉన్నాయి. ఊరు మునిగితే మొదట వాటినే ట్రక్కెక్కించారు.

డెల్బర్ట్ బయటికి వెళ్లి ఉమ్మి వచ్చి, మళ్లీ కాగితాలు పెట్టడం మొదలుపెట్టాడు.

అక్టోబరు మొదటి గురువారం లైబ్రరీ మళ్లీ తెరిచారు. సాయంత్రం నాలుగింటికి మంగళవారం సభవాళ్లు కాఫీ, కేకు పెట్టారు. గోడలకు కొత్త రంగు. దాని కింద ఇంకా సన్నగా నది వాసన. జడ్జిగారి సెట్టు ఇంకా డెల్బర్ట్ దగ్గరే ఉంది, చివరి తడి ఆరుతోంది. బీరువా ఖాళీగా మెరుస్తోంది. అయినా అతన్ని పిలిచి మధ్యలో కూర్చోబెట్టారు. టీచరమ్మ లేచి, ఇతను లేకపోతే ఊరి జ్ఞాపకం నదిలో కలిసిపోయేది అంది. చప్పట్లు కొట్టారు. అతని చేతిలో గాజు కప్పు చాలా చిన్నదిగా ఉంది.

మందుల కొట్టాయన భార్య నవ్వుతూ అతని వైపు వంగింది. "ఇన్ని పుస్తకాలు నీ ఇంట్లో ఉన్నాయి కదా డెల్బర్ట్. ఏదైనా తెరిచి చూశావా లేదా? నువ్వు అసలు ఏం చదువుతావయ్యా?"

"పొట్లాల మీద పేర్లు," అన్నాడు.

అందరూ హాయిగా నవ్వారు. మంచి మాట అన్నారు. చొక్కా జేబులో కార్డు ఉంది. దాని మీద చెయ్యి వేసుకుని, వాళ్లతోపాటు తాను కూడా పెదవులు కాస్త సాగదీశాడు. ఆ తర్వాత కేకు నోట్లో పెట్టుకుంటే మట్టిలా ఉంది. పళ్లెంలో వదిలేసి లేచాడు.

ట్రక్కు తలుపు తీస్తుండగా టీచరమ్మ వెనకాలే వచ్చింది. కోటు భుజాల మీద వేసుకుంది.

"మన సభలో ఒక కుర్చీ ఖాళీగా ఉంది. మగవాళ్లను ఎప్పుడూ పిలవలేదు. నీకిద్దామనుకుంటున్నాం. ఊరికే వచ్చి కూర్చో. మాట్లాడక్కర్లేదు, నీకది ఎలాగూ అలవాటే," అంది. చివరి మాట ముద్దుగానే అంది.

"ఆర్డిస్ అడిగింది ఆ కుర్చీ."

"నాకు గుర్తులేదు."

అతను కార్డు తీశాడు. ఇవ్వలేదు. రెండు వేళ్ల మధ్య పట్టుకుని ఆమె చదివేంత దగ్గరగా చూపించాడు. ఆమె కళ్లద్దాలు పెట్టుకోలేదు. పెట్టుకోనక్కర్లేదు, ఆ రాత ఆమెదే. మొహంలో రంగు పోయింది. తర్వాత మెల్లగా తిరిగి వచ్చింది.

"రోజుకు అయిదు క్లాసులు. నూట నలభై మంది పిల్లల కాగితాలు. ఇంట్లో మామగారు మంచంలో," అంది. "తొమ్మిది వందల పుటలు ఎప్పుడు చదవమంటావు డెల్బర్టూ? మొదట్లో ఒక్క ఏడాదికే అనుకున్నాను."

అతను కార్డు దించలేదు.

"బీరువాలోది ఒకసారి మొదలుపెట్టాను. జడ్జిగారి పేపరు కత్తితో కోశాను కూడా. ముప్పై పుటలయ్యేసరికి పిల్లవాడికి జ్వరం వచ్చింది. మళ్లీ తెరవలేదు."

"గంట మోగించింది ఎవరు?" అన్నాడు.

ఆమెకు అర్థం కాలేదు. అతను మళ్లీ అడిగాడు. మంచులో, అవతలి ఒడ్డున, మూడుసార్లు.

టీచరమ్మ ట్రక్కు మీద చెయ్యి ఆనించింది. మాట్లాడేటప్పుడు గొంతు మారింది.

"వాళ్ల నాన్న అనుకుంటుంది లెటీ. అందరం అలాగే అనుకుంటాం. కాదు. ఆ రేవు మూయించాలని చూసిన భూస్వామి. ముసలాయన్ను ఏట్లోకి తోసింది అతనే. ఆ పిల్లకు తెలుసు. తనకు తెలుసని అతనికి తెలియదు. ఒక్కడే ఉన్నాడు, ఈత రాదు, మంచులో చూసేవాళ్లు లేరు. అతన్ని ఇవతలి ఒడ్డుకు చేర్చేదాకా ఒక్క మాట మాట్లాడదు. చెయ్యి ఇచ్చి దించుతుంది. పడవ తాడు మళ్లీ కట్టేస్తుంది. అంతే. ప్రతి ఏడూ పిల్లల ముందు అక్కడికొచ్చేసరికి కళ్లద్దాలు తీసి తుడుచుకునేదాన్ని."

ఇప్పుడు కూడా కళ్లలో నీళ్లున్నాయి. అవి నటన కాదు. ఆ పుస్తకం ఆమెకు ప్రాణం. డెల్బర్ట్‌కు అన్నిటికంటే అసహ్యం వేసింది అక్కడే. ఇష్టం లేనివాళ్లు పారేస్తే పారేశారు. ఈమె ప్రాణంగా చూసుకున్నదాన్ని, పదకొండుసార్లు చంకలో పెట్టుకుని ఇంటికి తీసుకెళ్లినదాన్ని, పదిమందిలో వేలెత్తి చూపించి, ఇది పేలాలు అని, పురుగులకు వేయించింది.

"ఆర్డిస్ నిజం చెప్పింది," అన్నాడు. "ఆమె చేసిన తప్పు అదొక్కటే."

టీచరమ్మ కళ్లు తుడుచుకుంది. కోటు సర్దుకుంది. మళ్లీ టీచరమ్మ అయింది.

"నువ్వూ ఆ రోజు గడ్డిలో నిలబడ్డావు డెల్బర్ట్. నేను చూశాను. ఆ పుస్తకం వైపు చూశావు, నా వైపు చూశావు. ఒక్క మాట అన్నావా? ఇప్పుడు లోపల పొట్లాల మీద పేర్లు అన్నది ఎవరు?" ఆమె గొంతులో కోపం లేదు. "కుర్చీ మంగళవారం దాకా ఖాళీగా ఉంచుతాను. ఆ కార్డు నాకు ఇచ్చెయ్."

అతను కార్డు జేబులో పెట్టుకుని ట్రక్కు ఎక్కాడు. ఆమె అన్నదాంట్లో తప్పు వెతికాడు. గుట్ట ఎక్కేదాకా వెతికాడు. దొరకలేదు.

మర్నాడు పొద్దున ఆరింటికి కోతగది తెరిచాడు. ఆ రోజు రావలసిన రెండు పందుల రైతుకు ఫోను చేసి, శనివారం తీసుకురమ్మన్నాడు. బల్ల మీద ఉప్పు వేసి కడిగాడు. తుడిచాడు. కొత్త తెల్ల కాగితం పరిచాడు. ఎముక తీసే సన్నకత్తిని రాయి మీద నూరాడు. జడ్జిగారి "చివరి రేవు" మూడు సంపుటాలూ తెచ్చి పెట్టాడు.

మడతలో కత్తి మొన పెట్టి, కాగితానికి నొప్పి తెలియకుండా కోశాడు. ఒక్క అంచూ చిరగలేదు. తొమ్మిది గంటలకు మూడు సంపుటాల్లో కోయనిది ఒక్క పుట లేదు. బల్ల మీద సన్నటి పొట్టు మాత్రం రాలింది.

స్టూలు లాక్కుని కూర్చున్నాడు. ఆర్డిస్ స్టూలు. మూడో సంపుటంలో వేలు పెట్టి వెతుక్కుంటూ పోయాడు. మంచు దొరికింది. గంట దొరికింది. కాని ఆర్డిస్ చదివినట్టు గంట మోగగానే లెటీ తాడు విప్పలేదు. గంటకూ తాడుకూ మధ్య పదకొండు పుటలున్నాయి. తాళ్లకు తారు ఎలా పూస్తారు, ఏ చెట్టు జిగురు కలుపుతారు, ఏ నెలలో పూయాలి. వేలు పెట్టి ఒక్కొక్క మాటే కూడబలుక్కుని చదివాడు. అందులో మూడు పుటలు ఉంచవలసింది అనుకున్నాడు. పులుసుకు ఎముక పనికొచ్చినట్టు పనికొచ్చేవి. మిగతా ఎనిమిదీ తనయినా తీసేసేవాడు. ఆ కుదించినవాడెవడో కీలు తెలిసి కోశాడు.

ఆ తర్వాత పడవ కదిలింది. అతన్ని ఎక్కించుకుని ఇవతలి ఒడ్డుకు చేరేదాకా నాలుగు పుటలు. ఆ నాలుగిట్లో ఎవడూ ఎక్కడా కత్తి పెట్టి ఉండడని చదవగానే తెలిసింది. వీపు లోపలి మెత్తటి కండను ఏ పనివాడూ ముక్కలు చేయడు.

చదవడం అయ్యేసరికి పదకొండున్నర. జేబులోంచి కార్డు తీశాడు. పొట్లాల మీద రాసే పెన్సిలు ముక్క తీసుకుని ఆర్డిస్ పేరు కింది గీత మీద తన పేరు రాశాడు. అక్షరాలు పెద్దవయి గీత దాటాయి. చెరపలేదు.

పద్దెనిమిది సంపుటాలూ ట్రక్కులో పెట్టుకుని లైబ్రరీకి దిగాడు. లోపల టీచరమ్మ గాజు బీరువా తుడుస్తోంది. ఇద్దరు ముగ్గురు బల్లల దగ్గర ఉన్నారు. డబ్బాలు ఒక్కొక్కటే మోసుకొచ్చి బీరువా పక్కన దించాడు. ఆమె అతని మొహం వైపు చూసింది. అతను ఆమెకు దండం పెట్టినట్టు టోపీ తాకాడు, ఒక్క మాటా అనలేదు. చివరగా "చివరి రేవు" మొదటి సంపుటం చేత్తో పట్టుకుని నడీన్ బల్ల దగ్గరికి వెళ్లాడు.

"ఇది నాకు చదువుకోవడానికి కావాలి," అన్నాడు. అందరికీ వినిపించేలా అన్నాడు. "మొదటినుంచి. ఇంతకుముందు కుదించింది విన్నాను. నా భార్య చదివి వినిపించింది."

జడ్జిగారి సెట్టు బయటికి ఇవ్వరు కదండీ, దానికి కార్డే లేదు అంది నడీన్.

"ఉంది," అని జేబులోని కార్డు తీసి బల్ల మీద పెట్టాడు.

నడీన్ కింది పేరు చదివింది. దాని పైది చదివింది. ఇంకా పైకి పోయింది. బీరువా దగ్గర గుడ్డ ఆగిపోయింది.

నడీన్ తేదీ ముద్ర తీసి, సిరా అద్ది, అతని పేరు పక్కన కొట్టింది.